పూచీ లేని మాట

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డులో రాత్రంతా టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతూనే ఉంటాయి. పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల కళ్లాల్లో ఎండిన కాయ ట్రాక్టర్ల మీద, లారీల మీద అక్కడికి చేరుతుంది. సరుకు యార్డులో అడుగుపెట్టకముందే ధర మాత్రం ఊళ్లలో తిరుగుతుంటుంది. తేజ రకం ఇంత పలికింది, 334 రకం అంత పలికింది, ఖమ్మంలో ఇంకా ఎక్కువట, చైనాకు ఎగుమతులు ఆగిపోయాయట అంటూ వాట్సాప్ గ్రూపుల్లో వరసగా సందేశాలు పడతాయి. ఆ ధర ఒక్క లాటుకు పలికిందా, యార్డంతా అదే నడుస్తోందా, అది నిన్నటిదా, నిరుటిదా అన్నది వాటిలో ఉండదు. ఎవరు చెప్పారన్నదీ ఉండదు.

సెల్‌ఫోను వల్ల ఈ నల్లరేగడి నేలకు జరిగిన మేలును కాదనడం అన్యాయం. ఒకప్పుడు రైతుకు ధర తెలిసేది కమీషన్ వ్యాపారి నోటి నుంచే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకయ్యాక, ఒకరు చెప్పిన ధరను మరో నలుగురు చెప్పినదానితో పోల్చుకునే వీలు చిన్న కమతాల వాళ్లకూ దొరికింది. కర్నూలు వైపు నుంచి మిరప కోతలకు ముఠాలుగా తరలివచ్చే ఆడకూలీలు, ముసలివాళ్ల దగ్గర వదిలి వచ్చిన బిడ్డల ముఖాలను రాత్రిపూట ఫోనులో చూసుకోగలుగుతున్నారు. ఇవి చిన్న మేళ్లు కావు.

పోయినది వేరే. ఊళ్లో మాటకు ఒక పూచీ ఉండేది. తప్పుడు ధర చెప్పిన వ్యాపారిని మరుసటి కోతకు నిలదీయవచ్చు. పనికిరాని విత్తనం అంటగట్టిన దుకాణం ముందు పదిమంది కూర్చోవచ్చు. రచ్చబండ మీద అబద్ధం ఆడినవాడు మర్నాడు అదే వీధిలో నడవాలి. ఫోనులో వచ్చే మాటకు ఇల్లు లేదు, వీధి లేదు. పంపినవాణ్ని అడిగితే ‘నాకూ ఎవరో పంపారు’ అంటాడు, అది నిజమే కూడా.

ఈ లోటు ఎంత ఖరీదైనదో 2021-22 పంటకాలం చూపించింది. ఆ ఏడు మిరప పూతలో నల్ల తామరపురుగు కమ్ముకుంది. 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి కనిపించిన పురుగు ఇది. పూల లోపల చేరి రసం పీల్చేస్తుంది, పూత రాలిపోతుంది, కాయ నిలవదు. తాతల నాటి అనుభవంలో లేని పురుగు కాబట్టి ఊళ్లో అడగడానికి పెద్దలూ లేరు. లాం వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి, ఉద్యాన శాస్త్రవేత్తల నుంచి సలహాలు వచ్చాయి: నీలిరంగు జిగురు అట్టలు పెట్టాలి, వేపనూనె వాడాలి, సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల జోలికి పోకూడదు, మందు మీద మందు కొట్టకూడదు. ఇవి ఓపికతో, ఊరంతా కలిసి చేయాల్సిన పనులు. ఫోనులో మాత్రం రెండు రోజుల్లో పురుగును కడిగేసే మందులు దొరికాయి. పచ్చగా మెరిసే చేను పక్కన డబ్బా పట్టుకుని నిలబడ్డ రైతు వీడియోలు, మూడు నాలుగు మందులు కలిపి కొట్టమనే చిట్కాలు, ‘బయో’ పేరుతో లోపల ఏముందో చెప్పని సీసాలు వచ్చిపడ్డాయి. పూత రాలిపోతుంటే చూస్తూ కూర్చోలేని మనిషి ఏది దొరికితే అది కొడతాడు. రెండు మూడు రోజులకోసారి పిచికారీ చేసినవారున్నారు. చివరికి చేను దున్నేసినవారూ ఉన్నారు. వీరిలో కౌలు రైతుల బాధ మరింత లోతైనది: దున్నేసినా కౌలు కట్టక తప్పదు.

అయితే చెడ్డ సలహా ఫోనుతోనే పుట్టలేదు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి చేలను తెల్లదోమ నాశనం చేసినప్పుడు ఏ గ్రూపులూ లేవు. దుకాణదారు మాట మీద పైరిత్రాయిడ్లు విపరీతంగా కొట్టడంతో మిత్రపురుగులు చచ్చాయి, తెల్లదోమ ఇంకా పెరిగింది. అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. దుకాణదారు ముఖం తెలిసినవాడే, అయినా ఆ అనర్థం ఆగలేదు. కానీ ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు కనుక కారణం ఏమిటో తర్వాత శాస్త్రవేత్తలూ పాత్రికేయులూ తేల్చగలిగారు. ఫోను మాట అయితే చెరిపేస్తే పోతుంది. ఏ చేలో ఏ సలహా పంటను కాల్చిందో రేపు వెతికేవారికి ఆధారం మిగలదు.

ధర విషయంలోనూ తొందర ఇలాగే పనిచేస్తుంది. ఒక ఏడు మిర్చి మంచి ధర పలికితే మరుసటి ఏడు అందరూ మిర్చే వేయడం పాత జబ్బు. 2016లో 12 వేల దాకా పలికిన క్వింటాలు 2017 వేసవికి 3 వేల దరిదాపులకు పడిపోయింది, కేంద్రం 5 వేలకు కొంటామని ప్రకటించాల్సి వచ్చింది. 2023లో 20 వేలు దాటిన ధర 2025 ఫిబ్రవరి నాటికి సగానికి దిగింది, అప్పుడు కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ఖరారు చేసింది. ఈ ఎగుడుదిగుళ్లకు ఎగుమతులు, నిల్వలు, విస్తీర్ణం అసలు కారణాలు. ఫోను వాటిని పుట్టించలేదు, మందగా పరుగెత్తే వేగాన్ని పెంచింది. లాభం వచ్చినవాడి ట్రాక్టరు ఫొటో వెయ్యి ఫోన్లకు వెళ్తుంది, నష్టపోయినవాడు దేన్నీ ఫొటో తీయడు.

పొలం దాటి ఊళ్లోకి వస్తే ఇదే లోటు మనుషుల మధ్య పనిచేస్తుంది. ఒకే వీధివారు పార్టీకో గ్రూపుగా విడిపోయి, ముఖాముఖి అనలేని మాటలను అక్కడ అంటున్నారు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు రెండు తెలుగు రాష్ట్రాలనూ భయపెట్టింది, అమాయకులను కొట్టి చంపారు. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఎన్నుకున్న దారి గుర్తుంచుకోదగినది. ఊరికొక పోలీసును కేటాయించి, ఏ సందేశం వచ్చినా ముందు అతణ్ని అడగమన్నారు. డప్పు కళాకారులతో ఊరూరా పాటలు కట్టించి పుకార్లను విప్పి చెప్పించారు. పుకారుకు ఎదురుగా పేరూ ముఖమూ ఉన్న మనిషిని నిలబెట్టడమే ఆ పని సారం.

అచ్చుమాట విషయంలో ఈ పూచీని చట్టమే అడిగింది. 2024లో రద్దయ్యేదాకా నడిచిన 1867 నాటి పత్రికలు, పుస్తకాల చట్టం ప్రకారం ముద్రించిన ప్రతి కాగితం మీద ముద్రాపకుడి పేరు, ముద్రించిన చోటు ఉండాల్సి వచ్చేది. పరాయి ప్రభుత్వం నిఘా కోసం పెట్టిన నియమమే అయినా, పాఠకుడికి అది రక్షణగానూ మిగిలింది. 2000 నాటి ఐటీ చట్టం 79వ సెక్షను మాత్రం, కోర్టో ప్రభుత్వమో చెప్పేదాకా, ఇతరులు పెట్టిన మాటకు ఆ వేదికను నడిపే కంపెనీని బాధ్యురాలిని చేయదు. అలాగని పూచీ పనిని పోలీసు స్టేషనుకు అప్పగించడం ఇంకా ప్రమాదం. ఆ పేరుతో పౌరుల నోరు నొక్కిన, అదే చట్టంలోని 66-ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ఆ తర్వాత కూడా ఆంధ్రప్రదేశ్‌లో ఏ పార్టీ గద్దెనెక్కినా పోస్టుల మీద కేసులు ఆగలేదు. అధికారంలో ఉన్నవారిని తిట్టినవాడికి కేసు, రైతుకు దొంగ మందు అమ్మిన వీడియోకు లక్ష చూపులు: ఇది పూచీ కాదు.

పూచీని ఊళ్లోనే కట్టుకోవాలి. యార్డు కమిటీ రోజూ వేలం ముగియగానే రకాలవారీగా ధరలు, వచ్చిన టిక్కీల సంఖ్య తన పేరుతో విడుదల చేయాలి, గ్రూపుల్లో ఆ జాబితా ఒక్కటే నడవాలి. రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ, ఉద్యాన సహాయకులు తమ ఊరి గ్రూపులో పేరుతో ఉండి, మందుల వీడియో వచ్చిన రోజే జవాబు ఇవ్వాలి. వారికి లాం శాస్త్రవేత్తలు అందుబాటులో ఉండాలి. సాహిత్యం చదివేవారి వంతు కూడా ఉంది. పెద్ద కవులకు అంటగట్టిన, వారెన్నడూ రాయని వాక్యాలు రోజూ ఫోన్లలో చేతులు మారుతున్నాయి. 1918లో వెలిసిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలూ పుస్తకాలూ ఇంకా భద్రంగా ఉన్నాయి. కవి పేరు పెట్టి ఒక వాక్యం పంపేవారు, అది ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా రాయాలి, దొరకకపోతే పంపకూడదు.