పూత కింద పొరలు

పాత ట్రామ్ కారును బాగు చేస్తున్నారంటే, రైళ్లను ప్రేమించే మనం ముందు అడిగేది ఎప్పటికి తళతళలాడుతుందని. కొత్త పూత వేసే ముందు పాత పొరలు చూశారా అని అడగం. ఇది ఏ ఒక్కరి నేరమూ కాదు, మనందరిదీ.

ఆ పొరలు చూడటం పెద్ద విద్యేం కాదు. రూపాయి బిళ్లంత చోటు ఎంచుకుని, ఉప్పు కాగితంతో చెక్క తేలేదాకా మెల్లగా రుద్దాలి. ఒక్కో యజమాని, ఒక్కో దశాబ్దం వేయించిన రంగులు వలయాలుగా బయటపడతాయి. పైన వేసిన వార్నిష్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది కాబట్టి, దాన్ని తొలగించి పగటి వెలుగులో పోల్చుకోవాలి. పాత రంగుల్లో సీసం ఉంటుంది గనక ఆ పొడి పీల్చకుండా జాగ్రత్త పడాలి. ఇంత చిన్న పనికీ మనకు ఓపిక లేదు. యంత్రం పెట్టి మొత్తం గీకేస్తే చప్పట్లు కొట్టాం. ఆ గీకుడుతో పోయింది ఇంకెక్కడా దొరకదు.

దీపాల సంగతీ అంతే. 550, 600 వోల్టుల డీసీతో నడిచిన పాత కార్లలో చాలా వాటికి అయిదేసి బల్బులను ఒకే వరుసలో కలిపేవారు. ఒకటి మాడితే అయిదూ ఆరిపోయేవి. బండి కదిలేటప్పుడు లైన్లో వోల్టేజి పడిపోయి వెలుగు సన్నగిల్లేది, మళ్లీ పుంజుకునేది. అందులో ప్రయాణించినవాళ్ల రాత్రులు ఆ వెలుగులో గడిచాయి. అక్కడ ఎల్‌ఈడీ పట్టీ అతికిస్తే మనకు అభ్యంతరం లేకపోయింది. 1930ల దాకా వాడుకలోకి రాని స్టార్ తల స్క్రూలను అంతకు ముప్పై ఏళ్ల ముందటి కారుకు బిగించినా మన కంటికి ఆనలేదు.

సౌతాంప్టన్ 45వ నంబరు కారును 1948లో కొందరు బ్రిటిష్ ట్రామ్ అభిమానులు పది పౌండ్లకు కొన్నారు. దానికి పై అంతస్తులో కప్పు లేదు. ప్రయాణికులు ఒకరికొకరు వీపు ఆనించి, మధ్యగా ఉన్న పొడవాటి బల్ల మీద రోడ్డు వైపు ముఖం పెట్టి కూర్చోవాలి. ఆ ఊళ్లోని పాత కోట ద్వారం, బార్‌గేట్ కమాను, ఎత్తు తక్కువ. తలలు తగలకుండా దాని కింద నుంచి పోవాలంటే అలాగే కూర్చోవాలి. సౌకర్యంగా ఉంటుందని ఎవరైనా ఆ బల్ల తీసి మామూలు సీట్లు వేసి ఉంటే, ఆ కమానుకూ ఆ బండికీ ఉన్న బంధం తెగిపోయేది. వాళ్లు తీయలేదు. ఇంగ్లండ్‌లోని క్రిచ్ ట్రామ్ మ్యూజియం ఆ పది పౌండ్ల నుంచే మొలిచింది.

మనం? మద్రాసులో కరెంటు ట్రామ్ 1895 మే 7న మొదలైంది. తొలి రోజుల్లో రోడ్డు మధ్య గాడిలో నుంచి కరెంటు అందుకునేది, తర్వాత పైతీగలకు మారింది. 1953 ఏప్రిల్ 12న ఆగిపోయింది. అప్పటికి పొట్టి శ్రీరాములు గారు ప్రాణాలు విడిచి నాలుగు నెలలు కూడా నిండలేదు. 'మద్రాసు మనదే' అన్న గొంతులు ఇంకా చల్లారలేదు. ఆ పోరాటాన్ని నేను తక్కువ చేయను. కానీ మనదే అనుకున్న ఊరిలో, మన తాతలు ఎక్కి దిగిన బండి ఆగిపోతుంటే, దాని సీటు చెక్కదా పేముదా అన్నది రాసి పెట్టుకోవాలని కూడా మనకు తట్టలేదే! సౌతాంప్టన్ కారుకు ఆ అభిమానులు పది పౌండ్లు ఇచ్చి అప్పటికి అయిదేళ్లు కూడా కాలేదు.

అప్పుడు తెలియలేదని సరిపెట్టుకుందామన్నా, రెండోసారి ఆ సాకు కూడా లేదు. బీచ్ స్టేషన్ నుంచి తాంబరం దాకా మీటర్ గేజ్ ఎలక్ట్రిక్ రైలు 1931లో మొదలై, 1500 వోల్టుల డీసీ నుంచి 25 వేల వోల్టుల ఏసీకి మారి, 2004 జులైలో ఆగింది. కోడంబాక్కం స్టూడియోల్లో వేషం కోసం వచ్చిన తెలుగు కుర్రాళ్లు ఎందరో దాంట్లో తిరిగారు. అప్పటికి మన చేతుల్లో కెమెరాలున్నాయి, టేప్ రికార్డర్లున్నాయి. తీసిన ఫొటోల్లో ఎక్కువ భాగం బండి ముఖానివే. పట్టుకునే పిడి కొలత, కిటికీ షట్టరు గొళ్లెం, మోటర్‌మ్యాన్‌కు గార్డు కొట్టే గంట వరస, స్టేషన్‌లో ఆగినప్పుడు కింద కంప్రెసర్ చేసే చప్పుడు ఎవరో ఒకరు దాచుకుంటారులే అనుకున్నాం. అందరం ఆ ఒకరి మీదే వదిలేశాం.

ఆ పెట్టెల కింద దూరి పనిచేసిన ఫిట్టర్లలో 2004 నాటికి ముప్పై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు యాభై దాటి, రిటైర్మెంటుకు చేరువవుతున్నారు. ఏ బోల్టుకు ఏ వాషరో వాళ్లకింకా గుర్తుండే వయసే. నోటు పుస్తకం పట్టుకుని వాళ్ల ఇళ్లకు మనం ఇంకా వెళ్లలేదు.