ఓటీపీ చెప్పినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు



ముందు నా తప్పు ఒకటి చెప్తాను. ఆ తర్వాత మిమ్మల్ని కొన్ని పనులు అడుగుతాను.

పోయినేడాది మా పంచాయతీలో హెల్త్ క్యాంపు పెట్టారు. బీపీ, షుగరు, రక్తపరీక్షలు చేశారు. క్యాంపు మంచిదే. పక్కనే ఇంకో టేబుల్ వేసి 'ఆభా' కార్డులు చేస్తున్నారు. ఆశా అక్క ఒక్కతే ఉంది, కొండల మీది నుంచి దిగొచ్చిన జనమేమో వంద మందికి పైనే. డిగ్రీ చదివినోణ్ణి, ఫోన్ పని తెలిసినోణ్ణి కదా అని నేనూ కూర్చున్నాను. "ఆధార్ ఇవ్వండి, ఓటీపీ చెప్పండి, తర్వాత ఎవరు?" మధ్యాహ్నం దాకా నా నోట ఇవే మాటలు. స్క్రీన్ మీద ఒప్పుకోలు గురించి ఒక పెద్ద పేరా వస్తుంది. ఒక్కరికి కూడా చదివి చెప్పలేదు. నేనూ చదవలేదు. టిక్కు కొట్టి ముందుకెళ్లిపోయాను. ఫోన్ లేని ఐదుగురి చేత వేలిముద్ర పెట్టించి, మొబైల్ నంబర్ అడిగిన చోట నా నంబరే కొట్టేశాను.

సాయంత్రం ఒక కోందు అవ్వ వెళ్లబోతూ ఆగి, తన భాషలో అడిగింది: "బాబూ, నా దగ్గర ఏం తీసుకున్నావు?" "ఏం తీసుకోలేదవ్వా, కార్డు ఇచ్చాం, ఆసుపత్రికి పనికొస్తుంది" అన్నాను. "ఏ పనికి?" అంది. నాకు చెప్పడం రాలేదు.

నెల తిరక్కుండా నా ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. ఫలానా ఆసుపత్రిలో మీ రికార్డు లింక్ అయింది అని. ఆ ఆసుపత్రికి నేను వెళ్లలేదు. వెళ్లింది ఆ ఐదుగురిలో ఒకరు. ఎవరు, ఎక్కడికి వెళ్లారో వాళ్ల ఇంట్లో వాళ్లకన్నా ముందు నాకు తెలిసిపోయింది. నేను మంచోణ్ణే అనుకుందాం. నా ప్లేసులో ఇంకెవరైనా ఉంటే?

అందుకే ఇది రాస్తున్నాను.

అసలు ఆభా అంటే ఏమిటో తెలుసుకుందాం. పూర్తి పేరు ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్. 2020 ఆగస్టు 15న కేంద్రం డిజిటల్ హెల్త్ మిషన్ ప్రకటించి, ముందు ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో మొదలుపెట్టింది. 2021 సెప్టెంబర్ 27న దేశమంతటికీ తెచ్చింది. ప్రతి మనిషికీ 14 అంకెల నంబర్ ఒకటి ఇస్తారు. రికార్డులన్నీ తీసుకెళ్లి ఢిల్లీలో ఒక్కచోట పోసి పెట్టరు. ఏ ఆసుపత్రిలో చేసిన రికార్డు ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటుంది. వాటిని ఒకదానితో ఒకటి కలిపేది ఈ నంబర్. కొత్త డాక్టరు మన పాత రిపోర్టులు చూడాలంటే మనకి రిక్వెస్ట్ వస్తుంది. ఏ రికార్డులు చూపించాలి, ఎన్నాళ్లు చూపించాలి అన్నది మనం ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవచ్చు కూడా.

ఇంకో సంగతి. చాలామంది దీన్ని 5 లక్షల వైద్యం కార్డు అనుకుంటున్నారు. ఆ కార్డు వేరు, ఇది వేరు. ఆభా నంబర్ ఉన్నంత మాత్రాన వైద్యం ఖర్చు ఎవరూ కట్టరు. క్యాంపుల్లో "కార్డు తీసుకోండి, వైద్యం ఫ్రీ" అని ఎవరైనా చెప్తుంటే అక్కడే ఆపండి.

నేను ఈ యాప్‌లకి వ్యతిరేకం కాదు. మన ఏజెన్సీ వాళ్లకే ఇది ఎక్కువ అవసరం. మన ఇళ్లల్లో వైద్యం రికార్డు అంటే ఏంటి? దూలానికి వేలాడదీసిన ఒక ప్లాస్టిక్ కవరు. అందులో సగం చీటీలు చెమ్మకి అతుక్కుపోయి ఉంటాయి. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చే కంగారులో ఆ కవరు ఎవరికి గుర్తుంటుంది? పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కణ్ణుంచి విశాఖ పెద్దాసుపత్రికి రాస్తారు. మూడు చోట్లా మొదటి నుంచి అవే ప్రశ్నలు, అవే రక్తపరీక్షలు. బాలింతకి ఇంతకుముందు ఏ మందు పడలేదో చెప్పే కాగితం ఇంటి దగ్గర ఉండిపోతుంది. రికార్డు మనిషితో పాటు వస్తే ప్రాణం నిలుస్తుంది. దాన్ని కాదనే వాణ్ణి కాదు నేను.

కానీ ఈ పద్ధతంతా ఒక నమ్మకం మీద కట్టారు. ప్రతి మనిషికీ సొంత ఫోన్ ఉంటుంది, అందులో సిగ్నల్ ఉంటుంది, వచ్చిన మెసేజ్ చదువుకుని ఆలోచించి ఒప్పుకుంటాడు అని. మన గూడేల్లో చూడండి. ఇంటికి ఒక ఫోన్. అది కొడుకు దగ్గరో, అల్లుడి దగ్గరో ఉంటుంది. ఆధార్‌కి ఇచ్చిన నంబర్ ఎప్పుడో రీచార్జి లేక పోయింది. ఓటీపీ కావాలంటే గట్టెక్కి టవర్ వైపు తిరిగి నిలబడాలి. అప్పుడు ఒప్పుకుంటున్నది ఎవరు? పేషెంటా, ఫోన్ ఉన్నోడా?

ఇందులో ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. ఒక చెల్లి గర్భం గురించో, టీబీ గురించో పరీక్ష చేయించుకుంటే ఆ మెసేజ్ ముందు మరిది చదువుతాడు. కాగితమైతే కొంగున కట్టుకుని దాచుకునేది.

"ఇంత అనుమానం ఎందుకు బ్రో, మంచికే కదా" అంటారేమో. మన దగ్గర జరిగిన ఒక కథ చెప్తాను. 2009లో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. ఆ పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే మన పిల్లలు. 2010 ఏప్రిల్లో దాన్ని ఆపేశారు. తర్వాత విచారణలో ఏం తేలింది? చూసిన 9,543 ఒప్పుకోలు పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. ఇంకో 1,948 వేలిముద్రలు. తల్లిదండ్రుల్ని అడిగేంత తీరిక ఎవరికీ లేకపోయింది. 2013లో పార్లమెంటరీ కమిటీ కూడా దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడుతుంది. టీకా వద్దని నేను అనడం లేదు. ఆ సమయంలో చనిపోయిన పిల్లల మరణాలకి టీకా కారణం కాదనే విచారణ కమిటీ చెప్పింది. నా బాధ ఆ సంతకం గురించి. మన పిల్లల ఒంటి గురించి వార్డెన్ ఎలా ఒప్పుకుంటాడు అని మనం ఇన్నేళ్లుగా అడుగుతున్నాం. మరి ఆ రోజు క్యాంపులో నేను పెట్టిన టిక్కు ఏంటి? వార్డెన్ పెన్నుతో చేసింది నేను వేలితో చేశాను. మన జాతి వాణ్ణే కాబట్టి నన్ను ఎవరూ అనుమానించలేదు, అంతే తేడా.

ఇప్పుడు సికిల్ సెల్ సంగతి చూడండి. 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. పరీక్ష చేసి కార్డు ఇస్తారు. ఈ పరీక్ష మనకి చాలా అవసరం. అమ్మానాన్న ఇద్దరూ వాహకులైతే పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు ఉంటుంది. ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. కానీ వాహకులంటే జబ్బు మనిషి కాదు, మామూలుగానే బతుకుతారు. ఈ తేడా ఊళ్లో ఎంతమందికి తెలుసు? ఒక అమ్మాయి రిపోర్టు ఫోన్లో ఫోటోగా ఊరంతా తిరిగితే ఆమె పెళ్లి సంగతి ఏమవుతుంది? కుటుంబంలో ఒకరి రక్తం సంగతి బయటపడితే అక్కాచెల్లెళ్లందరి సంగతీ బయటపడినట్టే. ఉద్యోగం ఇచ్చేవాడో, బీమా కంపెనీ వాడో చూస్తే? మనం తరాలుగా ఒకే నేల మీద, ఒకే సమూహంలో బతుకుతున్నోళ్లం. మన ఆరోగ్య రికార్డు ఒక్క మనిషిది కాదు, గూడెం మొత్తానిది.

"గవర్నమెంట్ దగ్గర భద్రంగా ఉంటుంది" అంటారు. 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగితే, దేశంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఒకటి దాదాపు రెండు వారాలు చీటీలు చేత్తో రాసుకుంది. 2023 జూన్‌లో కోవిడ్ టీకా వేయించుకున్నవాళ్ల వివరాలు టెలిగ్రామ్‌లో దొరుకుతున్నాయని వార్తలొచ్చాయి. కోవిన్ పోర్టల్ భద్రంగానే ఉందని ప్రభుత్వం చెప్పింది. ఏది ఎలా ఉన్నా, ఫోన్లో ఉంది కదా అని కాగితం పారేయకూడదని మాత్రం మనకి అర్థం కావాలి.

మరి చట్టం ఏమంటోంది? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం గోప్యత మన ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం ఒప్పుకోలు స్వేచ్ఛగా, విషయం తెలిసి, స్పష్టంగా ఇవ్వాలి. ఆ సమాచారం ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో ఏదో ఒకదాంట్లో గానీ చూసుకునే వీలుండాలి. ఇక్కడ ఆగండి. ఆ 22 భాషల్లో సంతాలీ ఉంది, బోడో ఉంది. కోయ లేదు. గోండి లేదు. కువి లేదు. సవర లేదు. ఆ అవ్వకి అర్థమయ్యే భాషలో చెప్పాలన్న బాధ్యతే చట్టంలో లేదు. అందుకే ఆ బాధ్యత మన మీద పడుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఊళ్లో ఫోన్ పని అంటే మన దగ్గరికే వస్తారు. కాబట్టి మనం చేయాల్సినవి ఇవి.

ఒకటి. ఆభా స్వచ్ఛందం. అది లేదని వైద్యం ఆపకూడదని డిజిటల్ హెల్త్ మిషన్ విధానమే చెప్తోంది. ఓపీ చీటీ దగ్గర "నంబర్ ఉంటేనే" అంటే, ఈ మాట చెప్పి నిలబడండి.

రెండు. ఓటీపీ అడిగే ముందు వాళ్ల భాషలో నాలుగు మాటలు చెప్పండి. ఇది ఏంటి, ఎందుకు, ఎవరు చూస్తారు, వద్దంటే ఏమవుతుంది. వంద మందికి చెప్పే టైం లేకపోతే ఇరవై మందికే చేయండి. టార్గెట్ మనది కాదు.

మూడు. ఇంకొకరి ఖాతాలో మీ నంబర్ పెట్టొద్దు. తప్పదంటే ఎవరి నంబర్ పెట్టాలో ఆ మనిషినే అడగండి. మీ ఫోన్ గ్యాలరీలో ఉన్న ఊరోళ్ల ఆధార్ ఫోటోలు, రిపోర్టులు ఈ రోజే తీసేయండి. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరి రిపోర్టూ పెట్టొద్దు.

నాలుగు. కాగితం అడగండి. ఆసుపత్రిలో చేరిన మనిషి తన రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నిబంధనలు చెప్తున్నాయి. డిశ్చార్జి చీటీ లేకుండా గేటు దాటొద్దు.

ఐదు. ఆశా అక్కల మీద, ఏఎన్ఎంల మీద కోపం పెట్టుకోవద్దు. పై నుంచి ఒత్తిడి పడేది వాళ్ల మీదే. 1996 పెసా చట్టం మనకి గ్రామసభ ఇచ్చింది. మన ఊళ్లో ఎవరి ఆరోగ్య వివరాలు ఎవరు తీసుకుంటున్నారో, ఎక్కడ ఉంచుతున్నారో అధికారులు గ్రామసభలో మన భాషలో చెప్పాలని తీర్మానం చేద్దాం.

నా తప్పు సంగతి చెప్పి ముగిస్తాను. కువి బాగా వచ్చిన ఒక అన్నని, ఏఎన్ఎం అక్కని వెంటబెట్టుకుని ఆ ఐదుగురి ఇళ్లకీ వెళ్లాను. అంతా మొదటి నుంచి చెప్పాం. ఒకాయన నాకొద్దు అన్నాడు. ఆయన ఖాతా తీసేశాం. ముగ్గురు కూతురి నంబరో, తమ్ముడి నంబరో చెప్పారు. అవి మార్చాం. అవ్వ చాలాసేపు వింది. మనవరాలి నంబర్ పెట్టమంది. "ఉంటే ఉండనీ, కానీ నా కాగితం నా ఇంట్లోనే ఉంటాది" అంది. ఆ తర్వాత, ఇదంతా ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగింది.

టైం లేదవ్వా అన్నాను. అవ్వ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మీ ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు టైం ఉంచుకుని వెళ్లండి.

జై ఆదివాసీ! జోహార్!