‘ది ఫైనల్ కట్’ ఫ్లాయిడ్ ఆల్బమేనా? ఆ ప్రశ్న ఇక వదిలేద్దాం



మన గ్రూపులో పింక్ ఫ్లాయిడ్ మీద మాట మొదలైతే రెండు పేర్ల దగ్గరే ఆగిపోతుంది. ఒకటి 1973లో వచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’, రెండోది 1979లో వచ్చిన ‘ది వాల్’. ఎవరైనా 1983 మార్చిలో వచ్చిన ‘ది ఫైనల్ కట్’ పేరెత్తితే చాలు, "అది ఫ్లాయిడ్ కాదు, రోజర్ వాటర్స్ సొంత ఆల్బమ్. ముందు డార్క్ సైడ్ విని రండి, తర్వాత మాట్లాడదాం" అంటారు సీనియర్లు. మా హాస్టల్లో ఆ ఆల్బమ్ ఇష్టపడేవాళ్లం ఐదారుగురం ఉన్నాం. సీనియర్ల మీద గౌరవంతోనే వాళ్ల మాటకు జవాబు రాస్తున్నాం. కొంచెం పొడుగు ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు వాళ్ల మాటలో ఉన్న నిజం ఒప్పుకుందాం. పాటలన్నీ వాటర్స్ రాసినవే. కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్‌ను ‘ది వాల్’ పని అయ్యేసరికే వాటర్స్ పట్టుబట్టి బ్యాండు నుంచి తప్పించాడు. డేవిడ్ గిల్మర్ గొంతు ‘నాట్ నౌ జాన్’ అనే ఒక్క పాటలోనే వినిపిస్తుంది. గొడవలు ఎంత దూరం పోయాయంటే నిర్మాతల జాబితాలోంచి గిల్మర్ పేరే తీసేశారు. చివరి పాటలో డ్రమ్స్ కూడా నిక్ మేసన్ వాయించలేదు, ఆండీ న్యూమార్క్ వాయించాడు. కొన్ని పాటలు ‘ది వాల్’కి రాసి పక్కన పెట్టినవి. అప్పుడు పనికిరానివి ఇప్పుడు ఎలా పనికొచ్చాయని గిల్మర్ అడిగాడు కూడా. ఆ ప్రశ్న న్యాయమైనదే.

1983లో ఈ ఆల్బమ్ కొన్నవాళ్ల బాధ కూడా మాకు అర్థమవుతుంది. మూడేళ్లకు పైగా ఎదురుచూశారు. రైట్ కీబోర్డు ఆకాశంలా పరుచుకోవాలి, గిల్మర్ గిటార్ దాని మీద ఎగరాలి అనుకున్నారు. దొరికిందేమో ఒక మనిషి గొణుగుడు, ఒక్కసారిగా అరుపు, వెనకాల పియానో, ఆర్కెస్ట్రా. బ్రిటన్‌లో అమ్మకాల్లో మొదటి స్థానానికి వెళ్లింది గానీ అభిమానులు రెండుగా చీలిపోయారు. పత్రికలూ అంతే. అమెరికాలో ‘రోలింగ్ స్టోన్’ ఐదుకి ఐదు నక్షత్రాలిచ్చింది, బ్రిటన్‌లో ‘మెలొడీ మేకర్’ ఉతికి ఆరేసింది.

అయితే ఇంత గొడవలో పాటలు ఏం చెప్తున్నాయో పట్టించుకున్నవాళ్లు తక్కువ. మేం అక్కడి నుంచే మొదలుపెడతాం.

వాటర్స్ తండ్రి ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ ఒక బడి పంతులు. రెండో ప్రపంచ యుద్ధంలో 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని ఆంజియో దగ్గర చనిపోయాడు. అప్పటికి కొడుకు వయసు ఐదు నెలలు. ఈ ఆల్బమ్ ఆ తండ్రికి అంకితం. యుద్ధం అయ్యాక కడతామన్న మంచి లోకం కల చచ్చిపోయిందని, దానికి పాడే చావుపాట ఇదని ఆల్బమ్ ఉపశీర్షికే చెప్తుంది.

ఆ కల గాల్లో పుట్టింది కాదు. 1945 తర్వాత బ్రిటన్‌లో అందరికీ పని, ఇల్లు, వైద్యం అన్నారు. 1948లో అందరికీ ఉచిత వైద్యం నిజంగానే మొదలుపెట్టారు. చచ్చిపోయిన సైనికులకు దేశం ఇచ్చిన మాట అది. 1982 వచ్చేసరికి అదే దేశంలో పని లేనివాళ్లు 30 లక్షలు దాటారు. అదే ఏడాది ఏప్రిల్‌లో అర్జెంటీనా ఫాక్లాండ్ దీవుల్ని ఆక్రమిస్తే, ప్రధాని మార్గరెట్ థాచర్ ఎక్కడో దక్షిణ అట్లాంటిక్‌కు ఓడల్లో సైన్యాన్ని పంపింది. 74 రోజుల్లో బ్రిటన్ సైనికులు 255 మంది, అర్జెంటీనా వైపు 649 మంది పోయారు. ‘ది వాల్’ సినిమాకి మిగిలిన పాటలతో ఏదో ఒక ఆల్బమ్ చేద్దామనుకున్న వాటర్స్ చేతిలో పని ఆ యుద్ధంతో మొత్తం మారిపోయింది. నాన్న చావు, ఇప్పుడు పోతున్న కుర్రాళ్ల చావు ఒక్కటైపోయాయి. ‘సౌతాంప్టన్ డాక్’ పాట వినండి. 1945లో మిగిలినవాళ్లు దిగిన రేవు నుంచే మళ్లీ పిల్లల్ని సాగనంపుతున్నారు. రెండు నిమిషాల పాటలో దాదాపు నలభై ఏళ్లు ఇమిడిపోయాయి.

ఇంకో సంగతి. ‘ది వాల్’లో పిల్లల్ని తిట్టి హింసించే మాస్టారు గుర్తున్నాడు కదా. ‘ది హీరోస్ రిటర్న్’ పాట మనల్ని ఆ మాస్టారి ఇంటికి తీసుకెళ్తుంది. ఆయన యుద్ధంలో బాంబర్ విమానంలో పనిచేసినవాడు. చూసింది ఎవరికీ చెప్పుకోలేడు, భార్య నిద్రపోయాకే ఆమెతో మాట్లాడగలడు. తోటి గన్నర్ ఆఖరి మాటలు చెవిలో ఇంకా మోగుతూనే ఉంటాయి. ఆ వెంటనే వచ్చే ‘ది గన్నర్స్ డ్రీమ్’లో ఆ గన్నర్ ఆకాశం నుంచి కిందికి పడిపోతూ కల కంటాడు. తిండి, ఉండడానికి చోటు, భయం లేకుండా నోరు తెరిచే రోజు. అంతే, పెద్ద కోరికలేం కావు. వాటర్స్ గొంతు అరుపుగా మారి, ఆ అరుపు శాక్సఫోన్‌లో కలిసిపోయే చోట మా గదిలో ఎవరం మాట్లాడం.

‘ది వాల్’లో విలన్‌గా వదిలేసిన మాస్టారిని నాలుగేళ్ల తర్వాత మనిషిగా చూడగలిగారు. ఇది మిగిలిపోయిన పాటల మూట అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

మా గూడేల్లో ఎవరైనా పోతే పెద్దాడవాళ్లు రాగం తీసి ఏడుస్తారు. పోయినవాళ్ల మంచి చెప్తారు, చావుకి కారణమైనవాళ్లను తిడతారు. గొంతు పగులుతుంది, తాళం తప్పుతుంది. పెళ్లిలో ఇంతకంటే బాగా పాడింది కదా అని ఎవరూ అనరు. చావుపాటని పెళ్లిపాట కొలతతో కొలవరు. ‘ది ఫైనల్ కట్’కి మాత్రం అదే జరిగింది. డార్క్ సైడ్ కొలత పట్టుకొని దీన్ని కొలిచారు.

ఇప్పుడు పాత అభిమానుల్లోనే చాలామంది మళ్లీ విని మెత్తబడుతున్నారు. మాకు కనిపించే కారణాలు మూడు. ఒకటి, యుద్ధాలు ఆగలేదు. ఇరాక్ తర్వాత, ఉక్రెయిన్ తర్వాత ఈ పాటలు పాతబడినట్టు అనిపించవు. రెండు, వాటర్స్ 1985లో బ్యాండు వదిలేశాడు, పేరు కోసం కోర్టుకెళ్లారు, 1987లో రాజీ పడ్డారు. పేరు ఎవరిదన్నది లాయర్లు తేల్చుకునే ప్రశ్న. అది తేలిపోయి ఇన్నేళ్లయింది, వినేవాళ్లు ఇంకా మొయ్యడం ఎందుకు? మూడు, 2004లో మళ్లీ విడుదల చేసినప్పుడు ‘వెన్ ది టైగర్స్ బ్రోక్ ఫ్రీ’ పాట కలిపారు. నాన్న ఎలా పోయాడో నేరుగా చెప్పే ఆ పాట మధ్యలో చేరాక కథ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

అలాగని దీన్ని నెత్తిన పెట్టుకోమని అనట్లేదు. తప్పులు తప్పులే. మొదటి పాటలోనే జపాన్ వాళ్లను తక్కువ చేసే తిట్టుమాట ఉంది. ‘నాట్ నౌ జాన్’లో అయితే జెండా ఊపే మొరటు మనిషి మాటలు అనుకోవచ్చు. మొదటి పాటలో ఆ ముసుగు కూడా సరిగ్గా లేదు. బయటివాళ్లు మనల్ని ఏ మాటలతో పిలుస్తారో మనకు తెలుసు. కాబట్టి యుద్ధానికి వ్యతిరేకంగా పాడాడు కదా అని ఆ మాట మాఫీ చెయ్యలేం. గిల్మర్‌ని ఇంకా వాడుకోవాల్సింది కూడా. ‘ది ఫ్లెచర్ మెమోరియల్ హోమ్’లో ఆయన గిటార్ వినిపించే కాసేపట్లోనే పాట ఎంత పైకి లేస్తుందో చూడండి.

సీనియర్లకు ఇంకొక్క మాట. మన ఇళ్లలో రికార్డుల అల్మరాలు లేవు. ఏది గొప్పదో, ఏది ముందు వినాలో చెప్పే నాన్నలు, బాబాయిలు లేరు. 1973 పాట, 1983 పాట మాకు ఒకే రోజు ఒకే ఫోన్‌లో దొరికాయి. అది లోటని మీరంటున్నారు. ఈ ఒక్క విషయంలో అది మాకు మేలు చేసింది. దేన్నుంచి ఏం ఆశించాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు విన్నాం. వరస ప్రకారం వచ్చినవాళ్లకే మాట్లాడే హక్కు అంటే, చదువులో, ఉద్యోగంలో, అన్నిట్లో ఆలస్యంగా లోపలికి వచ్చిన మనం ఎక్కడా నోరు తెరవలేం అన్నా.

వినేవాళ్లకి చిన్న సలహా. ఫోన్ స్పీకర్ మీద పెట్టొద్దు, గొణుగుడు అసలు వినపడదు. ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, సౌండ్ మాత్రం మరీ పెంచొద్దు, మధ్యలో పేలుళ్లు అదిరిపోతాయి. ‘ది హీరోస్ రిటర్న్’, ‘ది గన్నర్స్ డ్రీమ్’ వరసగా వినండి, తర్వాత మొత్తం ఒకే కూర్చోలో వినండి. ముప్పావు గంట పడుతుంది. నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, ఏ పాట ఎందుకు నచ్చలేదో చెప్పండి, కూర్చొని వాదించుకుందాం. "ఇది ఫ్లాయిడ్ కాదు" అని మాత్రం రాయకండి.