ఇండియన్ ఎయిర్‌లైన్సు: లెక్క యొప్పచెప్పు వారెవరు?

ప్రజల సొమ్ముతో పెంచిన సంస్థ నశించినప్పుడు ఆ సొమ్మునకు జవాబు చెప్పువాడొకడుండవలెను. ఇండియన్ ఎయిర్‌లైన్సు విషయమున అట్టివాడు నేటివరకు కానరాలేదు. పోయినదానిని తవ్వనేల యని పెద్దమనుష్యులు కొందరు మందలింతురు. పోయినది వారి సొంత సొమ్మైనచో ఇంత సులభముగా మరతురా?

వ్యాజ్యపు పూర్వాపరములు చిత్తగింపుడు. 1953లో పార్లమెంటు శాసనముచే ఎనిమిది విమాన కంపెనీలను జాతీయము చేసి, ఆగస్టు 1వ తేదీ నుండి ఈ సంస్థను నడపసాగిరి. అందు నిజాం ప్రభుత్వమునకు ప్రధాన భాగముగల డెక్కన్ ఎయిర్‌వేసు ఒకటి. బేగంపేటలో రెక్క విచ్చిన ఆ కంపెనీయు ఉమ్మడి యాస్తిలో చేరినది గావున, తెలుగువారు ఈ వ్యాజ్యమున పరాయివారు గారు.

నలువది యేండ్లు ఆ సంస్థకు పోటీ లేదు. ఆలస్యములకు కొదువ లేదు. ప్రయాణికునియెడ అలక్ష్యమునకు మితము లేదు. దీనిని మేము దాచము. కాని లేహ్‌కు, పోర్టుబ్లెయిరునకు, ఈశాన్య సీమలకు రాకపోకలు నిలిపినదియు అదియే. 1990లో కువైటు చిక్కులనుండి లక్షమందికి పైగా మనవారిని తరలించినప్పుడు ఎయిర్ ఇండియాకు తోడైనదియు అదియే.

1994లో గుత్తాధికార శాసనము రద్దయినది. పోటీ వచ్చుట తప్పుగాదు. అయితే పోటీదారులు శిక్షణ పొందిన వైమానికులను లాగికొనుచుండగా, 43 ఎయిర్‌బస్సుల బేరము కుదురుటకు 2006 వరకు పట్టనేల? అదియు అప్పుసొమ్ముతో! మరుసటి యేడే ఆ సంస్థను ఎయిర్ ఇండియాతో ముడివేసిరి. విమానముల తరగతులు వేరు, జీతముల పద్ధతి వేరు, పదోన్నతుల వరుస వేరు. రెండు కుటుంబములను ఒక కప్పు క్రిందికి తెచ్చి, పొయ్యిలు మాత్రము రెండుగానే యుంచిరి. ఫలితమేమి? 2011లో పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్సు వైమానికులు సమాన వేతనమునకై సమ్మె కట్టిరి. 2012లో ఎయిర్ ఇండియావారు కట్టిరి. కంప్ట్రోలరు, ఆడిటరు జనరలు 2011 నివేదికయందు ఆ కొనుగోళ్లను, ఆ విలీనమును తప్పుపట్టినారు. తప్పు వ్రాసియున్నది, తప్పు చేసినవారి పేరు తీర్పులో లేదు.

2021లో టాటాల బేరము 18,000 కోట్ల రూపాయలకు స్థిరపడినది. అందు నగదు 2,700 కోట్లు మాత్రమే. తక్కినది వారు తలకెత్తుకొన్న ఋణము. 61 వేల కోట్లకు మించిన అప్పులో 46 వేల కోట్లకు పైగా ప్రభుత్వ సంస్థ నెత్తిననే మిగిలినది. 2022 జనవరి 27వ తేదీన సంస్థ చేతులు మారినది.

ప్రభుత్వము వ్యాపారము చేయరాదని కొందరు వాదింతురు. చేయవలెనా, మానవలెనా యను చర్చ వేరు. లాభము వచ్చిన నాడు మంత్రులు, నష్టము వచ్చిన నాడు ప్రజలు ముందుకు రావలెనను న్యాయము ఏ స్మృతిలోనున్నది? అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు ఈ వ్యవహారము ముగియరాదు. ఎవరి సలహాపై కొనిరి, ఎవరి సంతకముతో కలిపిరి, ఎవరు వారించిరి, ఎవరు వినకపోయిరి: ఇది సర్వము పార్లమెంటు బల్లపై పెట్టుడు. అప్పు తీర్చు ప్రజకు పద్దు చూచు హక్కు లేదా?