ఇంటి కంప్యూటరు: చికిత్సాక్రమము



నేడు మన పట్టణములలోను, పెక్కు గ్రామములలోను ఒక కంప్యూటరైనను గల గృహము లనేకములు కలవు. తండ్రిగారి లెక్కలు, అక్కగారి ఉద్యోగపు దరఖాస్తులు, తమ్ముని పాఠములు, కీర్తిశేషులైన తాతగారి ఛాయాచిత్రములు, అన్నియు ఆ పెట్టెలోనే యుండును. అట్టి యంత్రము ఒకనాడు అప్‌డేటు నడుమ నిలిచిపోయినచో ఇంటిల్లిపాదికిని దిగులు పుట్టుట సహజము. అప్పుడందరును హైస్కూలులో చదువుకొనుచున్న పిల్లల వంకనే చూతురు. కావున ఈ విషయమున మనకొక నిశ్చితమైన అభిప్రాయ ముండుట యవసరము.

ఆపరేటింగు సిస్టమనగా యంత్రములోని భాగముల నన్నిటిని నడపునట్టి మూల ప్రోగ్రాము. దానిని వ్రాసినవారు మనుష్యులే గనుక అందు లోపములుండక తప్పదు. ఆ లోపములను కనుగొని సవరించి పంపెడు దిద్దుబాటే అప్‌డేటు. విండోసు వాడువారికి మైక్రోసాఫ్టు కంపెనీవారు ప్రతిమాసమున రెండవ మంగళవారమునాడు ఇట్టి దిద్దుబాట్లను విడుదల చేయుచున్నారు.

అప్‌డేటుల వలననే చిక్కులు కలుగుచున్నవి గనుక వానిని శాశ్వతముగా నాపివేయుట మేలని కొందరి వాదము. ఇందు కొంత సత్యము లేకపోలేదు. 2018 అక్టోబరు 2వ తేదీన విడుదలయైన విండోసు 10 అప్‌డేటు కొందరి సొంత ఫైళ్లను తుడిచివేయుటచే, కొలది దినములలోనే కంపెనీవారు దాని పంపిణీని నిలిపివేయవలసి వచ్చెను. అయినను అప్‌డేటు మానుట వలని నష్టము ఇంతకంటె ఘోరమైనది. 2017 మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్టువారు ఒక ముఖ్యమైన దిద్దుబాటు నిచ్చిరి. దానిని వేసికొనని యంత్రములపై ఆ సంవత్సరమే మే 12వ తేదీన వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము విరుచుకొనిపడి, ఫైళ్లకు తాళము వేసి, తీయుటకు సొమ్మడిగెను. సుమారు 150 దేశములలో 2,00,000కు పైగా యంత్రములు దాని వాత బడెను. బ్రిటనులోని ఆసుపత్రులలో చికిత్సలు వాయిదా పడెను. మన ఆంధ్రప్రదేశమున పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కెను. మందు రెండు మాసములు ముందుగనే సిద్ధముగా నుండెను, పుచ్చుకొననివారే బాధపడిరి. కావున అప్‌డేటుల నాపివేయుట, ఎలుకలున్నవని ఇంటికి నిప్పు పెట్టుకొనుట వంటిది.

రెండవ వాదము ఫార్మాటు వాదము. చెడిన యంత్రమును బజారులోని దుకాణమునకు గొనిపోయినచో పలుచోట్ల మొదట వినవచ్చు మాట ‘ఫార్మాటు చేయవలయును’ అనునదే. బాగుచేయువానికి అది సులభమైన పని; లోపమేదో వెదకనక్కరలేదు. కాని ఫార్మాటు చేసిన భాగములోని ఫైళ్లన్నియు పోవును. సిస్టమును మరల నెక్కించుకొనవచ్చును. తాతగారి చిత్రమును మరల తీయుట ఏ ఫొటోగ్రాఫరు తరమును గాదు. ఫార్మాటు కడపటి మందే కాని మొదటి మందు కారాదని నా దృఢాభిప్రాయము.

మరి చేయవలసిన దేమి? అన్నిటికంటె ముందు, యంత్రము బాగుగా నున్న దినములలోనే ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసి వేరొక డిస్కులో నుంచవలయును. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట వ్యర్థము గదా. నకలు లేకుండగనే యంత్రము చెడినను నిరాశపడ నక్కరలేదు. డిస్కు బాగుగా నున్నచో దానిని వేరొక యంత్రమునకు తగిలించి ఫైళ్లను తీయవచ్చును. దుకాణమువారిని మొదట అడుగవలసినది ఈ పనినే. కొన్ని యంత్రములలో బిట్‌లాకరను తాళముండును. దానికి 48 అంకెల మరమ్మతు సంఖ్య కావలయును. ఆ సంఖ్యను ముందుగనే వ్రాసి భద్రపరచుట వివేకము.

అప్‌డేటు నిలిచినట్లు తోచినను వెంటనే కరెంటు తీయరాదు. పాత యంత్రములలో ఒక్కొక్కప్పుడు కొన్ని గంటలు పట్టును. కరెంటు పోవు వేళలలో అప్‌డేటు మొదలుపెట్టకుండుట మంచిది. గంటలు గడచినను కదలికయే లేనప్పుడు మాత్రము ఆర్పి వెలిగింపవలయును.

తరువాత తెరపై కనబడు సంఖ్యను చదువవలయును. దానిని చూచి భయపడువారే కాని చదువువారు తక్కువ. వైద్యునకు నాడి యెట్టిదో మనకా సంఖ్య యట్టిది. 80070070 అని యున్నచో డిస్కులో చోటు చాలలేదని అర్థము. అక్కరలేని డౌన్‌లోడులను, చెత్తబుట్టలోని ఫైళ్లను తీసివేసిన చాలును. పిదప పెన్‌డ్రైవు, ప్రింటరు మొదలగువానిని ఊడదీసి చూడవలయును. తేదీయు గడియారమును సరిగా నున్నవో లేవో పరిశీలింపవలయును. పాత యంత్రములలో నాణెమంత బ్యాటరీ యొకటి క్షీణించుటచే తేదీ ఎన్నో యేండ్లు వెనుకకు పోవును; అప్పుడు సర్వరుతో భద్రమైన సంబంధము కుదరదు. ఇవియు ఫలింపకున్నచో సెట్టింగులలోని ట్రబుల్‌షూటరును, ఆ మీదట సిస్టము ఫైళ్లను సరిచూచు డిజమ్, ఎస్‌ఎఫ్‌సీ అను ఆజ్ఞలను వాడవలయును.

అప్‌డేటు పూర్తియైన పిమ్మట క్రొత్త లోపము పుట్టినచో, ఆ యొక్క అప్‌డేటునే తీసివేయు వీలు సాధారణముగా నుండును. పెద్ద అప్‌డేటైనచో సామాన్యముగా 10 దినములలోపల వెనుకటి స్థితికి మరలవచ్చును. యంత్రము వరుసగా రెండు మూడు పర్యాయములు తెరచుకొనలేకున్నచో తనంతట తానే మరమ్మతు తెరను చూపును. అచ్చటినుండియు ఈ పని చేయవచ్చును.

ఈ చికిత్సలలో నొక నియమమును మరువరాదు. ఒక్కసారి ఒక్క మార్పే చేయవలయును. చేసినదానిని పుస్తకమున వ్రాసికొనవలయును. సైన్సు ప్రయోగశాలలో మన ఉపాధ్యాయులు నేర్పునది ఇదియే గదా! నాలుగు మందులు కలిపి మ్రింగినవానికి ఏది గుణమిచ్చెనో, ఏది వికటించెనో తెలియదు.

అన్నిటికిని చికిత్స యున్నదని చెప్పజాలము. విండోసు 10కు సాధారణ ఉచిత దిద్దుబాట్లు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసెను. విండోసు 11కు టీపీఎం 2.0 అను భద్రతా భాగము కావలయును గనుక పెక్కు పాత యంత్రములు దానికి అర్హములు కావు. ఇది రోగము కాదు, వయస్సు. అట్టి యంత్రమును పారవేయక, ఉచితముగా లభించు ఉబుంటు వంటి లినక్సు నెక్కించి, ఇంకను కొన్ని యేండ్లు వాడుకొనవచ్చును.

మిత్రులారా! ఈ విద్యకు గొప్ప పాండిత్య మక్కరలేదు; ఓర్పు, క్రమము, ముందుచూపు చాలును. ఇంటివారు మనలను నమ్మి తమ జ్ఞాపకముల పెట్టెను మన చేతికిచ్చుచున్నారు. వచ్చు సెలవు దినమున ముందుగా నకలు తీయుడు. పిదపనే అప్‌డేటు మొదలుపెట్టుడు.