ఇంటి ముచ్చట: గోడ బీట

మన పత్రిక వచ్చే ఇండ్లలో సొంత ఇల్లు ఉన్నవారే ఎక్కువ. అయినా పిల్లవానికి పక్క ఊళ్ళో పని దొరికితే బాడుగ ఇల్లు వెదకక తప్పదు గదా! విరుదునగరులో ఉన్న మా అక్క కొడుక్కు కోవిల్‌పట్టిలో ఒక మిల్లులో పని దొరికింది. రాత్రి షిఫ్టు. రోజూ సాత్తూరు దాటి వచ్చిపోవడం కుదరదు. "మామా, నాకొక ఇల్లు చూసిపెట్టు" అని ఫోను చేసినాడు.

ఇల్లు చూడడమంటే నాకు కొంచెం భయమే. కారణం చెబుతాను.

2016లో మిల్లు దగ్గరి వీధిలో నేనొక ఇల్లు తీసుకొన్నాను. నెలకు 4,500 రూపాయలు, అడ్వాన్సు 40,000. ఇంటివారు మనవారే. "మనలో మనకు కాగితమెందుకు నాయనా?" అన్నారు. ఆ మాట నాకు తియ్యగానే వినిపించింది. పగలంతా ఆఫీసులో ఊరివారి కాగితాలు రాసే నేను నాకోసం ఒక్క కాగితం రాసుకోలేదు. 2018లో ఖాళీ చేసేటప్పుడు పడమటి గోడలో బీట చూపి 8,000 పట్టుకొన్నారు. ఆ బీట నేను రాకముందే ఉన్నది. కాని రుజువేది? డబ్బు పోయిన బాధ కొన్నాళ్ళకు తగ్గింది. అయితే పెండ్లిళ్ళలో ఎదురుపడినా ఇప్పటికీ మేము పలకరించుకోలేకున్నాము. పెద్ద నష్టం అదే.

నిజానికి తప్పు మన కరిసల్ నేలది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. పునాది లోతు లేని గోడ దానితోపాటే కదులుతుంది. ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు 1976లో వచ్చిన "గోపల్ల గ్రామం" నవలలో, తెలుగునాటి నుంచి వచ్చినవారు ఈ నేలమీద ఊరు కట్టుకొన్న కథ చెప్పినారు. వారిని అడ్వాన్సు అడిగినవారు లేరు! ఆ నేలలో పత్తి పండింది, పత్తివల్ల మిల్లులు వచ్చినవి, మిల్లులవల్ల బాడుగ ఇండ్లు వచ్చినవి.

కనుక ఈసారి మేనల్లునికి నాలుగు మాటలు చెప్పినాను. గోడలు, నేల, పైకప్పు చూసి, ఉన్న బీటలన్నిటికీ తేదీతో ఫోటో తియ్యి. తామ్రపర్ణి నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి వస్తవో ఇంటివారిని కాదు, పక్కింటి ఆడవారిని అడుగు. కరెంటు మీటరు వేరుగా ఉన్నదా చూసి, అంకె రాసుకో. బాడుగ ఇచ్చిన ప్రతి నెలా రసీదు తీసుకో.

చట్టంకూడ మారింది. 1960 నాటి బాడుగ చట్టం పోయి, 2017లో చేసిన కొత్త తమిళనాడు చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలుకు వచ్చింది. దాని ప్రకారం ఒప్పందం రాతలోనే ఉండవలె. వేరుగా ఒప్పుకొంటే తప్ప అడ్వాన్సు మూడు నెలల బాడుగకు మించరాదు. ఖాళీ చేసిన నెలలోగా, బాకీ ఉంటే పట్టుకొని, మిగిలినది తిరిగి ఇవ్వవలె. ఇంటివారికి, బాడుగవారికి ఇద్దరికీ ఇది కాపే.

చివరకు ఒక అవ్వ ఇల్లు కుదిరింది. కాగితం తియ్యగానే ఆమె మొహం చిన్నబోయింది. "తెలుగువాళ్ళమే కదప్పా, నమ్మకం లేదా?" అన్నది.

"నమ్మకం లేక కాదవ్వా, రేపు ఏదైనా పెండ్లిలో కలిస్తే నవ్వుతూ పలకరించుకోవడానికి" అన్నాను.

అవ్వ కాసేపు నన్నే చూసింది. తరువాత మేనల్లునివైపు తిరిగి, "అట్లయితే ఆ వంటింటి మూలలో ఒక బీట ఉంది, అదీ రాసుకో నాయనా" అన్నది.