పసివారి భయమునకు సాక్షులెవరు?



"మా పాపకు మూడేండ్లు. వంటయింట గ్యాసుబండకు నిప్పంటుకొనినపుడు అది పడకగదిలో నిద్రించుచుండెను. దానికేమియు తెలియదు. ఐనను మూడు మాసములనుండి రాత్రులందు ఉలికిపడి లేచి యేడ్చుచున్నది. దిష్టి తీసితిమి, తాయెత్తు కట్టించితిమి. ఇక నేమి చేయుదుము?" అని యొక సోదరి మాకు వ్రాసిరి. ఆ జాబు అడుగున, వేఱొక చేతివ్రాతతో, ఆమె అత్తగారు ఒక్క వాక్యము చేర్చిరి: "పాప ప్రతిదినము బొమ్మపై తడిగోనె కప్పి, ఆరిపోయింది, ఆరిపోయింది అని యాడుకొనుచున్నది."

ఆ వాక్యమే మాకీ మాసపు విషయమైనది. పాప ఆ మంటను కన్నదో, పెద్దలు చెప్పుకొనగా విన్నదో మేమెఱుగము. ఏదియైనను "దానికేమియు తెలియదు" అనుమాట మాత్రము నిలువదు.

పెద్దలకు కష్టము కలిగిన నోరార చెప్పుకొందురు. రెండు మూడేండ్ల బిడ్డకు ఆ శక్తి లేదు. కావున వైద్యులు బిడ్డను చూచుటతోపాటు, పెంచువారిని అడిగి తెలిసికొనవలసియున్నది. ఇందుకై ప్రశ్నపత్రములు ఏర్పడినవి. 2005లో జాన్ బ్రియర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పత్రమున, 3 మొదలు 12 ఏండ్ల వరకు గల పిల్లలనుగూర్చి పెంచువారిని 90 సంగతులడుగుదురు. అందలి విశేషమేమనగా, చెప్పువారు ఉన్నదానిని తగ్గించి చెప్పుచున్నారా, హెచ్చించి చెప్పుచున్నారా యని కనిపెట్టుటకు సైతము కొలతలు కలవు.

తల్లి మాటనే శంకింతురా యని నొచ్చుకొనవలదు. తల్లి అబద్ధమాడునని కాదు. "నేను జాగ్రత్తపడియుండిన ఇట్లు జరుగకపోవును గదా" అను చింత ఆమె కన్నులను మూయును. ఆమెయే భయపడియున్నచో తన భయమునే బిడ్డయందు చూచును. రెండవ ప్రపంచ సంగ్రామమున లండను నగరముపై బాంబులు పడుచుండగా శిశుశాలలు నడిపిన అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ అను విదుషీమణులు, తల్లి నిబ్బరముగా నున్నచో బిడ్డయు నిబ్బరించుటను, తల్లి వణకినచో బిడ్డయు వణకుటను గుర్తించి వ్రాసిరి. తల్లి స్థితి తెలియక బిడ్డ స్థితి తెలియదు.

"పసివారు మఱచిపోవుదురులే" అని మన యిండ్లలో తఱచు అందురు. లెనోర్ టెర్ అను వైద్యురాలు, ఐదేండ్లు నిండకమునుపే ఘోరములకు లోనైన 20 మంది పిల్లలను పరిశీలించి 1988లో ఫలితములను ప్రకటించిరి. జరిగినది నోట చెప్పలేని బిడ్డలు సైతము దానిని ఆటలందును, భయములందును చూపుచుండిరి. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తమ వ్యాధినిర్ణయ గ్రంథపు ఐదవ కూర్పున, ఆఱేండ్లవారికిని అంతకు చిన్నవారికిని ప్రత్యేక లక్షణములు నిర్ణయించినది. జరిగినదానినే ఆటగా మరల మరల ఆడుట వానిలో నొకటి. అట్టి లక్షణములు నెలకు మించి నిలిచినచో ఉపేక్షింపరాదు.

కావున మీరు మంచి సాక్షివలె చెప్పుట నేర్వవలయును. చూచినది వేఱు, ఊహించినది వేఱు. "భయపడుచున్నది" అని యూరకొనక, "పొయ్యి వెలిగింపగనే కొంగు పట్టుకొని యేడ్చుచున్నది" అని వ్రాసియుంచుడు. నిద్ర, తిండి, మాట, పక్క తడుపుట మునుపెట్లుండెను, పిదప నెట్లున్నవి, ఎన్నాళ్లనుండి మాఱినవి అనునది గుర్తుంచుకొనుడు. తండ్రిని, అత్తగారిని, అంగన్‌వాడీ టీచరును గూడ అడుగుడు. మాటలు కలియకున్నను కలహింపవలదు. బిడ్డ యొకరియొద్ద దాచినది వేఱొకరియొద్ద చూపవచ్చును. బిడ్డను మాత్రము గ్రుచ్చి గ్రుచ్చి యడుగరాదు. పెద్దలందించిన మాటలనే పసివారు తమ మాటలుగా చెప్పుట కలదు.

ఒక కఠినమైన సంగతియు చెప్పక తప్పదు. బిడ్డకు కీడు చేసినవాడు ఇంటివాడే యైనచో ఆ యింటివారి నోరు పెగలదు. అట్టియెడ పొరుగువారును, ఉపాధ్యాయినియు సాక్షులు కావలయును. బాలల రక్షణకు 1098, మనోవేదనకు 14416 అను టెలిఫోను నంబర్లు కలవు.

జాబు వ్రాసిన సోదరికి మా మనవి: మీ యత్తగారి వాక్యమును వెంటగొని, పిల్లల మనోవైద్యులను చూడుడు. అమ్మా, ఆ మంట నార్పినవారు మీరే గదా! మీ జాబునందు పాప నిద్రనుగూర్చి యున్నది గాని మీ నిద్రనుగూర్చి యొక్క మాటయైనను లేదు. వైద్యులతో అదియు చెప్పుడు.